సర్టిఫికెట్ ఉన్న చిత్రాన్ని ఎందుకు ఆపుతారు? ఆనంద్ పట్వర్ధన్ డాక్యుమెంటరీల గురించి

మూసీగట్టు:
అందరికీ నమస్కారం. పోయిన ఆదివారం ఒక స్నేహితుడి ఇంట్లో ఏడుగురం కూర్చుని ఆనంద్ పట్వర్ధన్ తీసిన డాక్యుమెంటరీ 'రామ్ కే నామ్' చూశాం. ఆ చిత్రం గురించి ఇన్నేళ్లుగా వింటూనే ఉన్నాను, చూడడం మాత్రం ఇదే మొదటిసారి. 1990లో సోమనాథ్ నుంచి అయోధ్యకు బయలుదేరిన అద్వానీ రథయాత్ర వెంట కెమెరా నడుస్తుంది. దారిలో పల్లెల్లో, పొలాల్లో, చాయ్ దుకాణాల దగ్గర మామూలు మనుషులను పలకరిస్తుంది. నన్ను పట్టుకున్నది మాత్రం పూజారి లాల్‌దాస్. అయోధ్యలోని వివాదాస్పద స్థలంలో ఉన్న రామాలయానికి కోర్టు నియమించిన పూజారి ఆయన. అంత శాంతంగా, అంత నిర్భయంగా, మతం పేరుతో జరుగుతున్న రాజకీయాన్ని తప్పుపడతాడు. 1993 నవంబరులో ఆయనను కాల్చి చంపారని చిత్రం అయిపోయాక తెలిసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నా ప్రశ్న ఇది. ఈ చిత్రానికి సెన్సారు బోర్డు 'యు' సర్టిఫికెట్ ఇచ్చింది. జాతీయ పురస్కారం వచ్చింది. కోర్టు ఆదేశంతో దూరదర్శన్‌లోనూ ప్రసారమైంది. అయినా 2019 ఆగస్టులో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ప్రదర్శనను పోలీసులు ఆపి విద్యార్థులను అదుపులోకి తీసుకున్నారు. 2024 జనవరిలో, అయోధ్య ప్రాణప్రతిష్ఠకు రెండు రోజుల ముందు, సైనిక్‌పురిలో మళ్లీ అదే జరిగింది, ముగ్గురిని అరెస్టు చేశారు. అన్ని అనుమతులూ ఉన్న చిత్రాన్ని చూపించడం నేరమెలా అవుతుంది? తెలిసినవారు చెప్పండి. పట్వర్ధన్ మిగతా చిత్రాల్లో ఏది ముందు చూడాలో కూడా చెప్పండి.

పాతప్రొజెక్టర్:
మూసీగట్టు గారూ, మీరు మధ్యలో మొదలుపెట్టారు. మొదటి నుంచి రండి.

1974. బీహార్‌లో జయప్రకాశ్ నారాయణ్ ఉద్యమం. పట్వర్ధన్‌కు అప్పుడు ఇరవై నాలుగేళ్లు. డబ్బు లేదు, పెద్ద కెమెరా లేదు. చేతిలో ఉన్నది సూపర్ ఎయిట్, అంటే ఇళ్లలో పిల్లల పుట్టినరోజులు తీసుకునే చిన్న కెమెరా. దాంతో తీసిన బొమ్మను తెర మీద వేసి, ఆ తెరను 16 ఎం.ఎం. కెమెరాతో మళ్లీ చిత్రీకరించాడు. బొమ్మ మసకబారింది, గింజలు గింజలుగా కనిపిస్తుంది. 'క్రాంతి కీ తరంగే' అలా తయారైంది. ఇంతలో ఎమర్జెన్సీ వచ్చింది. ప్రింటును ముక్కలుగా కత్తిరించి, మనుషుల చేత విడివిడిగా దేశం దాటించి, బయట మళ్లీ అతికించారు. తాను కూడా చదువు కోసం కెనడా వెళ్లి అక్కడ దాన్ని చూపించుకుంటూ తిరిగాడు.

16 ఎం.ఎం. రీలు అతికించిన చేతులు నావి. ఒక రీలు తెగితే ఫిల్ము అతికించే సిమెంటు రాసి, నొక్కి పట్టుకుని, అది ఆరేదాకా ఊపిరి బిగబట్టేవాళ్లం. ముక్కలైన చిత్రం సముద్రం దాటి మళ్లీ ఒకటైందంటే అది ఎంత పనో నాకు తెలుసు.

తిరిగి వచ్చాక 1978లో 'జమీర్ కే బందీ' తీశాడు. అది రాజకీయ ఖైదీల మీద. ఎమర్జెన్సీకి ముందూ ఖైదీలున్నారు, ఎత్తేశాక కూడా ఉన్నారు అంటుంది ఆ చిత్రం. జనతా ప్రభుత్వం వచ్చిందని అందరూ పండగ చేసుకుంటున్న రోజుల్లో ఆ మాట అనడానికి గుండె కావాలి.

సత్యాన్వేషి:
పెద్దలంటే గౌరవంతోనే నా అభ్యంతరం చెబుతాను. పట్వర్ధన్ చిత్రాలు నాలుగు చూశాను. పనితనం ఉంది, కాదనను. కానీ ఆయన ముందే తీర్పు రాసుకుని సాక్షుల కోసం బయలుదేరతారు. 'రామ్ కే నామ్'లో కరసేవకు వచ్చిన కుర్రాళ్లను రాముడు ఏ సంవత్సరంలో పుట్టాడని అడుగుతారు. వాళ్లు తెల్లమొహం వేస్తారు. మా అమ్మమ్మను అడిగినా అంతే. రాముడు ఎప్పుడు పుట్టాడో తెలియకపోవడం ఆమె భక్తికి లోటు కాదు. చదువుకున్న మనిషి కెమెరా పట్టుకుని చదువుకోని మనిషిని అలా నిలదీయడం నాకు సబబుగా అనిపించలేదు. పైగా ప్రభుత్వాన్ని విమర్శిస్తూనే ప్రభుత్వ పురస్కారాలు తీసుకోవడం, ప్రభుత్వ చానల్లోనే వేయమని పట్టుబట్టడం. దీనికి ఎవరైనా ఓపికగా జవాబు చెబితే వింటాను.

నల్లకోటు:
చట్టం సంగతి నేను చెబుతాను. చివరి మాట నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే అసలు విషయం అక్కడే ఉంది.

దూరదర్శన్ ప్రభుత్వ సొత్తు కాదు, ప్రజల సొమ్ముతో నడిచేది. పట్వర్ధన్ వాదన మొదటి నుంచీ ఇదే. జాతీయ పురస్కారం పొందిన చిత్రాన్ని ప్రజలకు చూపించకపోవడానికి మీ దగ్గర ఉన్న కారణం చెప్పండి అని అడిగాడు. 'హమారా శహర్'కు అడిగాడు, 'రామ్ కే నామ్'కు అడిగాడు. 'పితా, పుత్ర్ ఔర్ ధర్మయుద్ధ్'కు రెండు జాతీయ పురస్కారాలు వచ్చాయి. మొదటి భాగానికి 'యు', రెండో భాగానికి 'ఎ' సర్టిఫికెట్. దూరదర్శన్ కాదంది. హైకోర్టులో ఓడి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2006 ఆగస్టులో సుప్రీంకోర్టు ప్రసారం చేయమంది. ఒక దృశ్యాన్నో ఒక మాటనో విడదీసి చూడకూడదు, చిత్రాన్ని మొత్తంగా చూసి అది ఏం చెబుతోందో తేల్చాలి అన్నది. తొంభైల నడుమ పూర్తయిన చిత్రానికి అంత కాలం పట్టింది.

2002లో 'జంగ్ ఔర్ అమన్'. పోఖ్రాన్ అణుపరీక్షల మీద. సెన్సారు బోర్డు 21 కత్తిరింపులు అడిగింది. అందులో ఒకటి వింటే ఆశ్చర్యపోతారు: ప్రధానమంత్రి సహా రాజకీయ నాయకుల దృశ్యాలూ మాటలూ అన్నీ తీసేయాలట. అణుబాంబు మీద చిత్రం, కానీ బాంబు పేల్చమన్నవాళ్లు అందులో కనిపించకూడదు! 2003లో బొంబాయి హైకోర్టు ఒక్క కత్తిరింపూ లేకుండా విడుదల చేయమంది.

మూసీగట్టు గారి ప్రశ్నకు వస్తాను. ముందస్తు సెన్సారు చెల్లుతుందని 1970లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు వేసింది ఖ్వాజా అహ్మద్ అబ్బాస్, అదీ ఒక డాక్యుమెంటరీ గురించే. అది ఒప్పుకుందాం. కానీ బోర్డు ఒకసారి అనుమతించాక గొడవలు జరుగుతాయన్న భయంతో ప్రదర్శన ఆపవచ్చా? 1989లో రంగరాజన్ కేసులో ఇదే ప్రశ్న వచ్చింది. అల్లర్ల బెదిరింపుకు లొంగి భావ ప్రకటన స్వేచ్ఛను అణచకూడదు, ప్రదర్శనకు రక్షణ కల్పించడం ప్రభుత్వ బాధ్యత అని కోర్టు తేల్చింది. అంటే బెదిరించినవాడిని ఆపాలి, చూపించేవాడిని కాదు. హైదరాబాద్‌లో జరిగింది దీనికి తలకిందులు. చట్టం తెలియక జరిగిందని నేను అనుకోను.

మూసీగట్టు:
నల్లకోటు గారూ, చాలా కృతజ్ఞతలు. నేను రెండుసార్లు చదివాను. కోర్టులో ప్రతిసారీ గెలిచాడన్నమాట. కానీ గెలిచేలోపు ఎన్నేళ్లు పోయాయో చూస్తే ఆ గెలుపు మీద సంతోషం రావడం లేదు.

నల్లకోటు:
అవును. 1991లో పూర్తయిన 'రామ్ కే నామ్' ఆ ఏడాదే దూరదర్శన్‌లో వచ్చి ఉంటే కోట్లమంది చూసేవారు. అది ప్రసారమయ్యేసరికి బాబ్రీ మసీదు లేదు, లాల్‌దాస్ లేడు.

ధారావిపిల్ల:
నేను ముంబైలో పుట్టి పెరిగాను. మా నాన్నది పాలమూరు జిల్లా. కరువుకు ఊరు విడిచి, మేస్త్రీ వెంట ఇక్కడికి వచ్చి భవనాల పని చేశాడు. ఈ నగరంలో పాలమూరు కూలీల చెమట పడని పెద్ద కట్టడం అరుదు. కట్టినవాళ్లకు మాత్రం రాత్రి తల దాచుకోవడానికి కాలిబాటే గతి.

అందుకే 'హమారా శహర్' నాకు సినిమా కాదు. 1981లో మహారాష్ట్ర ముఖ్యమంత్రి అంతులే ప్రభుత్వం కాలిబాట మీద ఉన్నవాళ్లను ఊళ్లకు పంపించేయాలని నిర్ణయించింది. గుడిసెలు కూల్చారు. ఓల్గా టెల్లిస్ అనే పాత్రికేయురాలు వేసిన కేసులో 1985లో సుప్రీంకోర్టు, బతుకుతెరువు హక్కు జీవించే హక్కులో భాగమే అంది, కానీ కూల్చివేతలను పూర్తిగా ఆపలేదు. పట్వర్ధన్ చిత్రం వచ్చింది అదే సంవత్సరం.

సత్యాన్వేషి గారూ, చదువుకున్నవాడు చదువుకోనివాడిని నిలదీస్తున్నాడని అన్నారు. ఈ చిత్రంలో నిలదీసేది ఒక పేద స్త్రీ, నిలబడి వినేది పట్వర్ధన్. పేదల ఫొటోలు తీసుకుని పేరు తెచ్చుకోవడం తప్ప మాకు నువ్వు చేసేదేముంది అని ఆమె కెమెరా వైపు తిరిగి కడిగేస్తుంది. ఆమెకు ఆయన దగ్గర జవాబు లేదు. కావాలంటే ఆ ముక్క కత్తిరించి పారేయవచ్చు, ఎవరికీ తెలిసేది కాదు. ఉంచాడు. మేం కాలనీలో చూసినప్పుడు ఆ దృశ్యం దగ్గర మా నాన్న లేచి నిలబడ్డాడు. అంతకుముందు మాట్లాడలేదు, తరువాతా మాట్లాడలేదు.

పురస్కారాల సంగతి కూడా చెప్పాలి. ఆ చిత్రానికి జాతీయ పురస్కారం వచ్చినప్పుడు రాష్ట్రపతి చేతుల మీదుగా అందుకున్నది గుడిసె కోల్పోయిన ఒక మహిళ. ఆ 1986లోనే గుడిసెలు కూలినవాళ్లతో కలిసి పట్వర్ధన్, షబానా ఆజ్మీ నిరాహార దీక్ష చేశారు. పురస్కారాన్ని ఏం చేశాడు అన్నది చూడండి.

కృష్ణలంక:
2015 అక్టోబరులో, కన్నడ రచయిత కల్బుర్గి హత్య తరువాత రచయితలు పురస్కారాలు వెనక్కి ఇస్తున్న సమయంలో, పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ విద్యార్థుల సమ్మెకు మద్దతుగా కూడా, తన జాతీయ పురస్కారాన్ని తిరిగి ఇచ్చేసినవారిలో ఆయన ఉన్నారు.

సత్యాన్వేషి:
ధారావిపిల్ల గారూ, ఆ దృశ్యం నేను చూడలేదు. పురస్కారాల మీద నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ మొదటి అభ్యంతరం అలాగే ఉంది. ఒకే మతం మీద, ఒకే పక్షం మీద ఆయన గురి అనిపిస్తుంది.

కృష్ణలంక:
అది చిత్రాల జాబితా పూర్తిగా చూడకపోవడం వల్ల కలిగే అభిప్రాయం. 'ఉనా మిత్రాన్ దీ యాద్ ప్యారీ' చూడండి. 1980ల చివర పంజాబ్. ఒకవైపు ఖలిస్తానీ ముష్కరులు, మరోవైపు ప్రభుత్వ తుపాకులు. ఆ నడుమ భగత్ సింగ్ రాతలు పట్టుకుని ఊరూరా తిరిగి మతసామరస్యం చెబుతున్న సిక్కు, హిందూ కమ్యూనిస్టుల వెంట వెళ్లాడు. భగత్ సింగ్‌ను ఖలిస్తానీలు తమవాడంటారు, ప్రభుత్వం తనవాడంటుంది. నాస్తికుణ్ని అని స్వయంగా రాసుకున్న భగత్ సింగ్‌ను మాత్రం ఎవరూ తలచుకోరు. ఆ చిత్రంలో కనిపించే జైమల్ సింగ్ పడ్డాను 1988 మార్చిలో ఖలిస్తానీలు చంపేశారు. లాల్‌దాస్‌కు ముందు లాల్‌దాస్ లాంటివాడు ఆయన.

'జంగ్ ఔర్ అమన్'లో పాకిస్తాన్ వెళ్లి అక్కడి ఉన్మాదాన్ని చూపించాడు, అక్కడి శాంతికాముకులనూ చూపించాడు. మొదటి రెండు చిత్రాలు కాంగ్రెస్ పాలన మీద, జనతా పాలన మీద. ఎవరు గద్దె మీద ఉంటే వాళ్లను అడిగాడు.

మీ అమ్మమ్మ గారి మాట మాత్రం నేను తేలిగ్గా తీసుకోను. భక్తి ఉన్న మనిషిని తేదీలు అడగడం సరికాదు, నిజమే. కానీ అక్కడ అడిగింది భక్తి గురించి కాదు. ఫలానా చోటే ఫలానా రోజే పుట్టాడు కనుక దీన్ని కూలుస్తాం అని బయలుదేరినవాళ్లను ఆ ఫలానా ఏమిటని అడిగాడు. మీ అమ్మమ్మ గడ్డపార పట్టుకుని రాలేదు కదండీ.

సత్యాన్వేషి:
ఆ తేడా ఒప్పుకుంటాను. పంజాబ్ చిత్రం చూసి మళ్లీ వస్తాను.

హడ్సన్‌తీరం:
నేను న్యూజెర్సీలో ఇరవై ఆరేళ్లుగా ఉంటున్నాను. ఇది ఇండియాలోనే జరుగుతుందని అనుకోకండి. 2002 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ 'రామ్ కే నామ్', 'వీ ఆర్ నాట్ యువర్ మంకీస్' చూపించాలనుకుంది. ఇక్కడి కొన్ని హిందూ సంఘాల నుంచి బెదిరింపులు రావడంతో మ్యూజియం వెనక్కి తగ్గింది, ప్రదర్శన న్యూయార్క్ విశ్వవిద్యాలయానికి మారింది. మా తెలుగువాళ్ల ఇళ్లలో కూడా అప్పట్లో వాదనలు జరిగాయి. చిత్రం చూడకుండానే సంతకాలు చేసినవాళ్లు నాకు తెలుసు. ఆ రోజుల్లో నేను నోరు విప్పలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

నీలిరిబ్బను:
ఇంతవరకూ ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది. 'జై భీమ్ కామ్రేడ్' మీద దళితుల వైపు నుంచే వచ్చిన ప్రశ్న. స్వాతంత్ర్య సమరయోధుల కుటుంబం, చిన్నాన్న పెదనాన్నల్లో అచ్యుత్ పట్వర్ధన్ లాంటి సోషలిస్టులు, అమెరికాలో చదువు. అలాంటి అగ్రవర్ణపు మనిషి మా బాధను ఎందుకు తీయాలి, మా కెమెరా మా చేతికి ఎప్పుడు వస్తుంది అని. నేను దళితుణ్ని. ఈ ప్రశ్న నాది కూడా. దీన్ని పక్కకు నెట్టి పొగడ్తలు మాత్రమే రాసుకుంటే చర్చకు అర్థం లేదు.

అయినా ఆ చిత్రాన్ని ఆరుసార్లు చూశాను. ఎందుకో చెబుతాను.

1997 జులై 11. ముంబైలోని రమాబాయి నగర్‌లో అంబేడ్కర్ విగ్రహానికి ఎవరో చెప్పుల దండ వేశారు. జనం రోడ్డెక్కారు. పోలీసులు కాల్పులు జరిపారు. పదిమంది చనిపోయారు. నాలుగు రోజుల తరువాత విలాస్ ఘోగ్రే ఉరి వేసుకున్నాడు. ఆయన షాహిర్. మనకు గద్దర్, వంగపండు ఎలాగో మరాఠీ బస్తీలకు విలాస్ అలాగ. వామపక్ష సాంస్కృతిక బృందంలో పాడినవాడు, తరువాత ఆ బృందమే ఆయన్ను వెలివేసింది. చనిపోయేటప్పుడు తలకు నీలిరంగు గుడ్డ కట్టుకున్నాడు, అది అంబేడ్కర్ ఉద్యమపు రంగు. 'హమారా శహర్'లో వినిపించే పాట ఆయనదే. అంటే పట్వర్ధన్ పోగొట్టుకున్నది స్నేహితుణ్ని.

ఎర్రజెండా పట్టుకున్న దళితుడు చివరి క్షణంలో నీలిరంగు ఎందుకు వెతుక్కున్నాడు? ఆ ఒక్క ప్రశ్న వెంట పద్నాలుగేళ్లు తిరిగాడు. కాల్పులకు ఆదేశించిన అధికారికి 2009లో శిక్ష పడడం, ఆ శిక్షను హైకోర్టు నిలుపుదల చేయడం అన్నీ ఆ చిత్రంలోకి వచ్చాయి. పద్నాలుగేళ్లలో పాట పాడిన అమ్మాయిలు తల్లులయ్యారు, నాయకులు పార్టీలు మారారు. పుణెకు చెందిన పాటల బృందం కబీర్ కళా మంచ్ యువకులు అజ్ఞాతంలోకి వెళ్లాల్సి వచ్చింది. వాళ్ల కోసం ఏర్పడిన రక్షణ సంఘంలో కూడా ఆయన నిలబడ్డాడు. చిత్రాన్ని ముందు చూపించింది మల్టీప్లెక్సులో కాదు, 2012 జనవరిలో బైకుల్లాలోని బి.ఐ.టి. చాల్ అనే కార్మికుల వాడలో, ఆరుబయట.

వామపక్షం కులాన్ని ఎందుకు చూడలేకపోయింది అనే ప్రశ్న అందులో ఉంది. అది ఆయన తన వైపు మనుషులకు వేసిన ప్రశ్న. అందుకే కెమెరా ఎవరి చేతిలో ఉండాలన్న నా ప్రశ్న అలాగే ఉన్నా, ఆ చిత్రం మీద నాకు కోపం లేదు.

ధారావిపిల్ల:
నీలిరిబ్బను గారూ, ఈ ప్రశ్న రాసినందుకు ధన్యవాదాలు. మా బస్తీలో ఇప్పుడు పిల్లలు ఫోనుతోనే చిత్రాలు తీస్తున్నారు. సూపర్ ఎయిట్ కన్నా అది నయమే.

ఎడిటింగ్‌బల్ల:
వృత్తిరీత్యా ఎడిటరును, కాబట్టి పనితనం గురించి రెండు మాటలు. ఆయన చిత్రాల్లో ఎక్కువ భాగం కెమెరా ఆయనే, ఎడిటింగు ఆయనే, ప్రశ్నలు అడిగే గొంతూ ఆయనదే. ప్రభుత్వ సంస్థ ఫిల్మ్స్ డివిజన్ చిత్రాల్లో పైనుంచి ఒక గంభీరమైన స్వరం మనకు పాఠం చెప్పేది. ఈయన మనిషిని మాట్లాడనిచ్చి, వాళ్ల మాట అయిపోయాక కూడా మరో రెండు క్షణాలు కెమెరా ఆపడు. ఆ రెండు క్షణాల్లో మొహం మీద వచ్చే మార్పే ఆయన వ్యాఖ్యానం.

మెచ్చనిది కూడా చెబుతాను. 'వివేక్' నిడివి దాదాపు నాలుగు గంటలు. మూఢనమ్మకాలనూ మతోన్మాదాన్నీ ప్రశ్నించిన దాభోల్కర్, పన్సారే, కల్బుర్గి, గౌరీ లంకేశ్ హత్యలు, రోహిత్ వేముల మరణం, గోరక్షకుల దాడులు, అన్నీ ఒకే చిత్రంలో. నా బల్ల మీదకు వస్తే రెండు చిత్రాలు చేసేవాణ్ని. 2018లో ఆమ్‌స్టర్‌డామ్ ఉత్సవంలో దానికి ఉత్తమ డాక్యుమెంటరీ పురస్కారం ఇచ్చారు, అయినా నా అభిప్రాయం మారలేదు.

కృష్ణలంక:
నిడివి గురించి మీతో ఏకీభవించలేను. మాది గుంటూరు ప్రాంతం. రోహిత్ తల్లి రాధిక గారిది మా జిల్లాయే. మా దగ్గర రోహిత్ గురించి మాట్లాడితే అతని కులం ఏమిటన్న దగ్గరే సంభాషణ ఆగిపోతుంది. ఆ చిత్రం అతన్ని దాభోల్కర్ పక్కన, గౌరీ లంకేశ్ పక్కన నిలబెట్టింది. విడి చిత్రం చేస్తే ఆ వరుస కనిపించేది కాదు. 2019లో కేరళ ఉత్సవంలో దానికి కేంద్రం సెన్సారు మినహాయింపు నిరాకరిస్తే, కేరళ హైకోర్టు అనుమతించాకే ప్రదర్శన జరిగింది.

ఎడిటింగ్‌బల్ల:
ఆ వరుస మాట ఆలోచించదగ్గదే. మళ్లీ చూస్తాను.

పాతప్రొజెక్టర్:
కోర్టుల గురించే మాట్లాడుతున్నారు. చిత్రకారులు కలిసి నిలబడిన సందర్భం కూడా ఉంది. 2004 ముంబై చిత్రోత్సవానికి భారతీయ చిత్రాలకు మాత్రం సెన్సారు సర్టిఫికెట్ తప్పనిసరి అన్నారు. విదేశీ చిత్రాలకు అక్కర్లేదట. దేశం నలుమూలల నుంచి డాక్యుమెంటరీ దర్శకులు ఒక్కటై ఎదురు తిరిగారు. ఆ నిబంధన వెనక్కి తీసుకున్నారు, కానీ పదునైన చిత్రాలు చాలావరకూ ఎంపికలో పోయాయి. అప్పుడు దగ్గర్లోనే భూపేశ్ గుప్తా భవన్‌లో 'వికల్ప్' పేరుతో సొంత ఉత్సవం పెట్టుకున్నారు. అందులో పట్వర్ధన్ ఒకడు, ఒక్కడే కాదు. ఈయన్ను ఒంటరి వీరుడిగా చూస్తే మిగతావాళ్లకు అన్యాయం చేసినట్టు.

మూసీగట్టు గారూ, మీరు అడిగిన వరుస: 'హమారా శహర్', పంజాబ్ చిత్రం, 'జై భీమ్ కామ్రేడ్'. చివర 2023లో వచ్చిన 'వసుధైవ కుటుంబకమ్'. అందులో కోర్టులు లేవు. ముసలితనంలో ఉన్న తల్లిదండ్రులను ఇంట్లో కూర్చోబెట్టి మాట్లాడించాడు. తల్లి నిర్మల శాంతినికేతన్‌లో చదువుకుని కుండలు చేసిన కళాకారిణి. అది చూశాక మిగతా చిత్రాల్లో ఆ మొండితనం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది.

మూసీగట్టు:
అందరూ ఇంత శ్రద్ధగా రాసినందుకు ఏమనాలో తెలియడం లేదు. మేం ఏడుగురం ఒక నిర్ణయానికి వచ్చాం. దర్శకుడి అనుమతి అడిగి, వారు ఒప్పుకుంటే 'హమారా శహర్'కు తెలుగు ఉపశీర్షికలు చేద్దామని ఉంది. హిందీ మేం చూసుకుంటాం. మరాఠీ వచ్చినవారు కావాలి. నల్లకోటు గారూ, అనుమతి ఉత్తరం ఒకసారి మీరు చూస్తారా?

నల్లకోటు:
పంపండి. రాత్రికి చూసి ఇస్తాను.

ధారావిపిల్ల:
మరాఠీ నేను చేస్తాను. ఒక చిక్కు మాత్రం ఉంది. మా నాన్నకు, ఆయనతో పనిచేసినవాళ్లకు చదువు రాదు. కింద అక్షరాలు వేస్తే వాళ్లకు అందదు. తెలుగులో గొంతు ఇవ్వడానికి కూడా అనుమతి అడగండి. కెమెరాను కడిగేసిన ఆ తల్లి మాటలు నేను చెబుతాను, పాలమూరు యాసలో. మొన్న నాన్నకు చెప్పి వినిపించాను. ఒక మాట దగ్గర ఆపి, అలా కాదు, ఇంకా గట్టిగా అనాలి అన్నాడు.